కాలం చెల్లినవన్నీ ఆబ్సలీట్ కావు: ఈ మాటను ఇంగ్లిష్ వాక్యంలో సరిగా వాడడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ల షాపులో పనిచేసే ఒక అబ్బాయి సాయంత్రం పూట నా దగ్గరికి ఇంగ్లిష్ రాయడం నేర్చుకోవడానికి వస్తాడు. ఒక రోజు టెన్షన్‌గా ఫోన్ నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇందులో తప్పేముందండీ? సరుకు వెనక్కి తీసుకోం అంటున్నారు" అన్నాడు. సరుకు పంపిన కంపెనీకి తను రాసిన మెయిల్ అది. మూడు విషయాల మీద ఫిర్యాదు. బ్రేక్ ఆయిల్ డబ్బాల మీద తేదీ దాటిపోయింది. గ్యాస్కెట్లు ఇప్పుడు రోడ్డు మీద కనిపించని లారీ మోడల్‌వి. రేట్ల లిస్టు పాతది. మూడింటికీ ఒకే మాట వాడాడు: "యు హావ్ సెంట్ వెరీ ఆబ్సలీట్ బ్రేక్ ఆయిల్, ఆబ్సలీట్ గ్యాస్కెట్స్ అండ్ ఆబ్సలీట్ ప్రైస్ లిస్ట్."

కంపెనీ జవాబు ఒక్క వాక్యం. ఆబ్సలీట్ స్టాక్‌ను వెనక్కి తీసుకోవడం మా పద్ధతి కాదు.

వ్యాపారంలో ఆబ్సలీట్ స్టాక్ అంటే గిరాకీ పోయి, అమ్ముడుపోక మూలన పడ్డ సరుకు. ఆ నష్టం మామూలుగా సరుకు పెట్టుకున్నవాడిదే. తేదీ దాటిన డబ్బాలు పంపడం మాత్రం పంపినవాడి తప్పు. ఒక్క మాట మారేసరికి తప్పు అటువైపు నుంచి ఇటువైపుకు వచ్చేసింది. ఆ అబ్బాయికి ఇంగ్లిష్ రాక కాదు, తెలుగులో ఆలోచించిన మాటను మూడు చోట్లా ఒకేలా దింపేశాడు. మన పిల్లలు చాలామంది చేసే పొరపాటే ఇది. అందుకే ఈ ఒక్క మాట గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఏం చెల్లిపోయిందో అడగండి

తెలుగులో "కాలం చెల్లిన" అనే మాట చాలా పెద్ద గొడుగు. పేపర్లో రోజూ చూస్తుంటాం: కాలం చెల్లిన మందులు, కాలం చెల్లిన చట్టాలు, కాలం చెల్లిన బస్సులు. చెల్లడం అంటే విలువ ఉండడం, నడవడం. చెల్లని కాసు, చెల్లని నోటు, చెల్లుబాటు, అన్నీ ఆ కుదురు నుంచి వచ్చినవే. తెలుగులో చెల్లడం ఆగిపోతే చాలు, ఎందుకు ఆగిందో ఆ మాట అడగదు. ఇంగ్లిష్ అడుగుతుంది.

కాబట్టి వాక్యం మొదలుపెట్టే ముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. ఈ వస్తువులో చెల్లిపోయింది ఏమిటి? తేదీయా? సమాచారమా? తయారీయా? ఫ్యాషనా? లేక దాని అవసరమే పోయిందా?

అవసరమే పోయినప్పుడు, లేదా అంతకంటే మంచిది వచ్చి దాన్ని పక్కకు నెట్టేసినప్పుడు, అప్పుడే "ఆబ్సలీట్".

టెలిగ్రామ్ దీనికి చక్కటి ఉదాహరణ. ఒకప్పుడు ఇంటి ముందు టెలిగ్రామ్ పట్టుకుని మనిషి నిలబడితే లోపలివాళ్ల గుండె జారిపోయేది. ఆ తర్వాత ఇళ్లలోకి ఫోన్లు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, ఎస్సెమ్మెస్ వచ్చింది. తంతి పాడై ఆగిపోలేదు, దానితో పని లేకుండా పోయింది. "మొబైల్ ఫోన్స్ మేడ్ టెలిగ్రామ్స్ ఆబ్సలీట్." ఈ వాక్యంలో ఆ మాట దాని సొంతింట్లో ఉంది.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ చూడండి. ప్రకాశం బ్యారేజీ ఉన్నచోట అంతకు ముందు 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. అది 1952లో తెగింది. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1957లో పూర్తయింది. ఆ పాత ఆనకట్ట ఆబ్సలీట్ అయిందని ఒక విద్యార్థిని వ్యాసంలో రాసింది. నేను కొట్టేశాను. డెల్టాకు నీళ్ల అవసరం ఒక్క రోజు కూడా పోలేదు. కట్ట తెగింది, అంతే. "ది ఓల్డ్ ఆనికట్ వాజ్ బ్రీచ్డ్ అండ్ లేటర్ రిప్లేస్డ్ బై ది బ్యారేజ్" అని రాయాలి. విరిగినది, తెగినది, పాడైనది వేరు. అవసరం తీరినది వేరు.

అలాగే పాతది కావడమూ వేరే సంగతి. ఉండవల్లి గుహలు "ఏన్షియంట్". కొండపల్లి బొమ్మలు "ట్రెడిషనల్". తెల్లపొణికి కర్రతో ఇప్పటికీ చెక్కుతున్న బొమ్మను, ఇప్పటికీ మన ఇళ్లలో కొలువుకెక్కే బొమ్మను ఆబ్సలీట్ అంటే ఆ మాటకు అర్థం తప్పడమే కాదు, ఆ పనివాళ్లను కొట్టినట్టవుతుంది. ఈ తప్పు పరీక్ష పేపర్లో కనిపిస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రెండో మెట్టు: నోటికి, చేతికి అలవాటు చేయండి

చాలామంది దీన్ని "యాబ్సల్యూట్"తో కలిపేస్తారు. అది పూర్తిగా వేరే మాట, అర్థం సంపూర్ణం అని. రెండూ ఎనిమిదేసి అక్షరాలే, తేడా రెండు చోట్లే. మన మాట ఓ, బి, ఎస్, ఓ, ఎల్, ఈ, టి, ఈ. ఆ రెండోది ఏ, బి, ఎస్, ఓ, ఎల్, యూ, టి, ఈ. పలికేటప్పుడు చివర "లీట్" అని సాగదీయండి, "ల్యూట్" అనకండి. బ్రిటిష్‌వాళ్లు మొదటి "ఆబ్" మీద ఒత్తి పలుకుతారు, అమెరికన్లు ఎక్కువగా చివరి "లీట్" మీద ఒత్తుతారు. మీరు ఏది పలికినా ఫరవాలేదు.

మూడో మెట్టు: వాక్యంలో దాని కుర్చీ

ఆబ్సలీట్ విశేషణం. వాక్యంలో అది కూర్చునే చోట్లు మూడే అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకటి, నామవాచకం ముందు: "యాన్ ఆబ్సలీట్ మెషీన్", "ఆబ్సలీట్ లాస్" (చట్టాలు). అచ్చుతో మొదలయ్యే మాట కాబట్టి ఏకవచనంలో ముందు "యాన్" రావాలి, "ఎ" కాదు. నామవాచకం బహువచనమైనా ఈ మాట మారదు, "ఆబ్సలీట్స్ మెషీన్స్" అనేది లేదు.

రెండు, ఈజ్, ఆర్, బికమ్ లాంటి క్రియల తర్వాత: "దిస్ మోడల్ ఈజ్ ఆబ్సలీట్", "మెనీ స్కిల్స్ ఆర్ బికమింగ్ ఆబ్సలీట్."

మూడోదే మనవాళ్లు ఎక్కువగా తడబడే చోటు: మేక్ లేదా రెండర్, తర్వాత వస్తువు పేరు, ఆ తర్వాత ఆబ్సలీట్. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు కిటకిటలాడిన రోజులు తెలిసినవాళ్లకు రేకు డబ్బాల్లో రీళ్లు మోసుకెళ్లడం గుర్తుంటుంది. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఆ డబ్బాలకు పని లేకపోయింది. "డిజిటల్ ప్రొజెక్షన్ మేడ్ ఫిల్మ్ రీల్స్ ఆబ్సలీట్." వస్తువు మధ్యలో ఉంది చూడండి. "మేడ్ ఆబ్సలీట్ ది ఫిల్మ్ రీల్స్" అని రాస్తే వాక్యం కుంటుతుంది. దీన్నే తిప్పి రాయాలంటే "ఫిల్మ్ రీల్స్ వర్ మేడ్ ఆబ్సలీట్ బై డిజిటల్ ప్రొజెక్షన్."

"ఆబ్సలీటెడ్" అనవచ్చా అని సాఫ్ట్‌వేర్ పిల్లలు అడుగుతుంటారు. ఆ మాటను క్రియగా వాడడం ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాలను రాసే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల పైభాగంలో, ఈ పత్రం ఫలానా పాత పత్రాన్ని "ఆబ్సలీట్స్" అని అచ్చంగా ఉంటుంది. కానీ పరీక్షలో, ఆఫీసు ఉత్తరంలో అది చాలామందికి తప్పులా కనిపిస్తుంది. మేక్ పద్ధతే వాడండి.

నాలుగో మెట్టు: కాలం, తేదీ

ఇక్కడ రెండు తప్పులు కలిసి వస్తాయి. ఒకటి వ్యాకరణం, ఒకటి అర్థం. "టెలిగ్రామ్స్ హావ్ బికమ్ ఆబ్సలీట్ ఇన్ 2013" అనే వాక్యం తీసుకుందాం.

వ్యాకరణం సంగతి చిన్నది. గడిచిపోయిన ఫలానా సంవత్సరం చెప్పినప్పుడు "హావ్ బికమ్" కుదరదు, "బికేమ్" రావాలి. సంవత్సరం చెప్పకుండా ఇప్పటి పరిస్థితి చెప్పాలంటే "టెలిగ్రామ్స్ హావ్ బికమ్ ఆబ్సలీట్" చక్కగా సరిపోతుంది.

అర్థం సంగతి లోతైనది. 2013 జూలై 15 నుంచి మన దేశంలో టెలిగ్రామ్ సేవ ఆపేశారు. మరి అది ఆబ్సలీట్ అయింది ఆ రోజేనా? కాదు. అంతకు చాలా ముందే జనం దాన్ని మరిచిపోయారు. మూసివేతకు తేదీ ఉంటుంది. ఆబ్సలీట్ కావడానికి తేదీ ఉండదు, చెరువు ఎండినట్టు మెల్లగా జరుగుతుంది. అందుకే మూసిన రోజు చెప్పాలంటే "ది సర్వీస్ వాజ్ డిస్‌కంటిన్యూడ్ ఇన్ జులై 2013" అనాలి. వాడుక పోయిన సంగతి చెప్పాలంటే "బై దట్ టైమ్, టెలిగ్రామ్స్ హాడ్ ఆల్రెడీ బికమ్ ఆబ్సలీట్" అనాలి. ఆ "బై" అనే చిన్న మాటను మరవకండి. అప్పటికే, ఆలోగా అనే అర్థాన్ని అదే మోస్తుంది.

అంబాసిడర్ కారు దీనికి తిరగేసిన కథ. ఆ కారు తయారీ 2014 మే నెలలో ఆగింది. కాబట్టి "డిస్‌కంటిన్యూడ్". కానీ ఆ తర్వాత కూడా ఆ కార్లు రోడ్ల మీద తిరిగాయి, ఆటోనగర్‌లో వాటికి రిపేర్లు జరిగాయి. తయారీ ఆగిన రోజునే వస్తువు ఆబ్సలీట్ అయిపోదు.

ఐదో మెట్టు: ఎంత ఆబ్సలీట్?

"వెరీ ఆబ్సలీట్" వద్దు. ఒక వస్తువుకు కాలం చెల్లిందా లేదా అన్నదే ప్రశ్న, చాలా చెల్లింది అనడం అతకదు. పూర్తిగా అనాలంటే "కంప్లీట్‌లీ", "టోటల్లీ". ఇంకా కాస్త వాడుక మిగిలి ఉంటే "ఆల్మోస్ట్", "వర్చువల్లీ", "లార్జ్‌లీ". "ల్యాండ్‌లైన్ ఫోన్స్ ఆర్ ఆల్మోస్ట్ ఆబ్సలీట్ ఇన్ అవర్ స్ట్రీట్" అంటే మీ వీధిలో ఒకరిద్దరి ఇళ్లలో ఇంకా ల్యాండ్‌లైన్ ఉందని చదివేవాడికి తెలుస్తుంది.

ఆరో మెట్టు: పక్కింటి మాటలు

అసలు కష్టం ఇక్కడే. ఈ మాటకు చుట్టాల్లాంటివి చాలా ఉన్నాయి. ఒకదాని చోట ఒకటి పెడితే అర్థం జారిపోతుంది.

అవుట్‌డేటెడ్: వస్తువు ఇంకా వాడుకలోనే ఉంది, కానీ కాలంతో పాటు మారలేదు. సరిచేస్తే మళ్లీ పనికొస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది, పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడివడ్డాయి. బడి గోడ మీద ఇంకా 13 జిల్లాల మ్యాపు వేలాడుతుంటే అది "యాన్ అవుట్‌డేటెడ్ మ్యాప్". మ్యాపు అనే వస్తువుకు కాలం చెల్లలేదు, అందులోని సమాచారానికి చెల్లింది. సిలబస్, రేట్ల లిస్టు, వెబ్‌సైటు, అభిప్రాయం, వీటన్నిటికీ ఇదే మాట. నా లెక్కలో మనవాళ్లు ఆబ్సలీట్ రాసే చోట్లలో సగం ఈ మాట రావలసినవే.

"అవుట్ ఆఫ్ డేట్" కూడా దాదాపు అదే. నామవాచకం ముందు వస్తే మధ్యలో చిన్న గీతలు పెట్టాలి. క్రియ తర్వాత వస్తే సాధారణంగా గీతలు అక్కర్లేదు.

ఎక్స్‌పైర్డ్: ముందే వేసిన గడువు దాటింది. మందులు, పాల ప్యాకెట్లు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఇన్సూరెన్సు. "మై లైసెన్స్ ఈజ్ ఆబ్సలీట్" అంటే ప్రపంచంలో లైసెన్సు అవసరమే లేకుండా పోయిందని అర్థం వస్తుంది. "మై లైసెన్స్ హాజ్ ఎక్స్‌పైర్డ్" అనండి. మనుషుల విషయంలో ఈ మాట వాడకండి, మన దగ్గర చనిపోయారని చెప్పడానికి వాడుతుంటారు కానీ సానుభూతి ఉత్తరంలో "పాస్డ్ అవే" మర్యాదగా ఉంటుంది.

డబ్బుకు వేరే పద్ధతి. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల పాత నోట్ల రద్దు ప్రకటించారు. వీటికి "నో లాంగర్ లీగల్ టెండర్" లేదా "డీమానిటైజ్డ్" అనాలి, ఎందుకంటే చట్టం వాటిని ఆపింది. అణాలు, బేడల లెక్క మాత్రం 1957లో నయాపైసలు వచ్చాక వాడుకలోంచే జారిపోయింది. దాన్ని "యాన్ ఆబ్సలీట్ సిస్టమ్" అనవచ్చు.

ఆర్కాయిక్: దీనికీ ఆబ్సలీట్‌కూ తేడా తెలుసుకోవడానికి మన అక్షరమాల కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. "గుఱ్ఱం"లో బండి ఱ, "వాఁడు"లో అరసున్న ఇప్పుడు మనం రాయం. కానీ పాత పద్యం తీస్తే కనిపిస్తాయి, కనిపిస్తే గుర్తుపడతాం, పద్యం రాసేవాళ్లు ఇప్పటికీ వాడొచ్చు. అది ఆర్కాయిక్. అక్షరమాల పట్టికలో ఌ, ౡ ఉన్నాయి. తెలుగు మాట రాయడానికి వాటిని ఎవరూ వాడరు. వాడుక వరకు అవి ఆబ్సలీట్. ఇంగ్లిష్ డిక్షనరీలు కూడా మాటల పక్కన ఈ రెండు గుర్తులనూ ఇదే తేడాతో వేస్తాయి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఒక లావుపాటి డిక్షనరీ కొనుక్కుని ఈ గుర్తులున్న మాటలు వెతికి చూడండి, ఒక సాయంత్రం చాలు, తేడా మనసులో నాటుకుంటుంది.

ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటే పాతకాలం పద్ధతి. ఇది ఎప్పుడూ తిట్టు కాదు, ప్రేమగా కూడా అనవచ్చు. వింటేజ్, యాంటిక్ మెచ్చుకోలు మాటలు: పాతదే, అందుకే విలువ. డిఫంక్ట్ సంస్థలకు, మూతపడ్డ కంపెనీలకు. ఎక్స్‌టింక్ట్ ప్రాణులకు. మన దేశంలో చీతా (చిరుత కాదు) అంతరించిందని 1952లో ప్రకటించారు, దానికి వాడే మాట ఇదే. రిపీల్డ్ చట్టాలకు, చట్టసభ రద్దు చేశాక. రద్దు కాకముందు, పుస్తకంలో ఉండి ఎవరికీ పనికిరాకుండా ఉన్నప్పుడు అది "యాన్ ఆబ్సలీట్ లా".

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఇంకొకటి నేర్చుకోవాలి. డిప్రికేటెడ్ అంటే ఇప్పటికి పనిచేస్తుంది కానీ ఇకపై వాడొద్దని తయారుచేసినవాళ్లు హెచ్చరించారు అని. కామర్స్ పిల్లలు దీన్ని డిప్రిషియేటెడ్ అని చదివేస్తారు. అది ఆస్తి విలువ ఏటా తగ్గడం. ఒకటి హెచ్చరిక, ఒకటి లెక్క.

ఏడో మెట్టు: మనుషుల దగ్గర ఆగండి

మనిషిని ఆబ్సలీట్ అనకండి. "మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఆబ్సలీట్" అని ఒక పిల్లవాడు రాశాడు. తాతగారు పాతకాలం మనిషి అని చెప్పడం అతని ఉద్దేశం. ఆ వాక్యం చెప్పింది మాత్రం తాతగారితో ఇక పనిలేదని. "మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఓల్డ్ ఫ్యాషన్డ్" లేదా "హీ లివ్స్ బై ట్రెడిషనల్ వాల్యూస్" అని దిద్దించాను. పని గురించి చెప్పాలంటే మనిషిని కాదు, పనిని కర్తగా పెట్టండి. "టైపిస్ట్స్ ఆర్ ఆబ్సలీట్" బదులు "ది టైప్‌రైటర్ హాజ్ బికమ్ ఆబ్సలీట్" అనండి. గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ గవర్నర్‌పేటలోనో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైనవాళ్ల వేళ్లు ఆ తర్వాత కంప్యూటర్ కీబోర్డు మీద పరుగెత్తాయి. యంత్రం పోయింది, పనితనం పోలేదు. వాక్యంలో ఆ తేడా కనిపించాలి.

ఎనిమిదో మెట్టు: దాని కుటుంబం

రెండే మాటలు. "ఆబ్సలెసెంట్" అంటే వాడుక తగ్గుతూ ఉన్నది, ఇంకా పూర్తిగా పోలేదు. "ఆబ్సలెసెన్స్" నామవాచకం, కాలం చెల్లిపోవడం. దీనితో ఎక్కువగా వినిపించే జంటమాట "ప్లాన్డ్ ఆబ్సలెసెన్స్", అంటే కొన్నాళ్లకే పాతబడి కొత్తది కొనక తప్పని విధంగా వస్తువును ముందే తయారుచేయడం. గ్రూప్ డిస్కషన్లలో ఈ మాట పనికొస్తుంది.

చివరి మెట్టు: రాసింది మళ్లీ చూసుకోవడం

ఆబ్సలీట్ రాసిన ప్రతి చోటా దాన్ని తీసేసి "ఎవరికీ అవసరం లేకుండా పోయిన" అని తెలుగులో పెట్టి చదవండి. వాక్యం నిలబడితే ఆ మాట ఉంచండి. "అవసరం లేకుండా పోయిన బ్రేక్ ఆయిల్" నిలబడదు, బండ్లకు బ్రేకులు ఉన్నన్నాళ్లూ అది కావాలి. "అవసరం లేకుండా పోయిన రేట్ల లిస్టు" కూడా నిలబడదు, కొత్త లిస్టు కావాలనే కదా మన గొడవ. గ్యాస్కెట్ల దగ్గర మాత్రం నిలబడింది.

ఆ అబ్బాయి చేత ఈ పరీక్ష చేయించాక, ఇద్దరం కూర్చుని మెయిల్ తిరగరాశాం:

"డియర్ సర్, ది బ్రేక్ ఫ్లూయిడ్ ఇన్ అవర్ లాస్ట్ కన్‌సైన్‌మెంట్ హాడ్ ఆల్రెడీ ఎక్స్‌పైర్డ్ వెన్ ఇట్ రీచ్డ్ అస్. ది గ్యాస్కెట్స్, విచ్ వి డిడ్ నాట్ ఆర్డర్, ఆర్ ఫర్ ఎ డిస్‌కంటిన్యూడ్ మోడల్ అండ్ ఆర్ నౌ ఆబ్సలీట్. ది ప్రైస్ లిస్ట్ ఈజ్ అవుట్‌డేటెడ్. ప్లీజ్ టేక్ బ్యాక్ ది బ్రేక్ ఫ్లూయిడ్ అండ్ ది గ్యాస్కెట్స్, అండ్ సెండ్ అస్ ది కరెంట్ లిస్ట్."

బ్రేక్ ఆయిల్ అని మనం షాపులో అనేదాన్ని ఉత్తరంలో బ్రేక్ ఫ్లూయిడ్ అన్నాం, డబ్బా మీద ఉండే పేరు అదే కాబట్టి. గ్యాస్కెట్ల దగ్గర "మేము ఆర్డర్ ఇవ్వలేదు" అనే ముక్క కావాలనే చేర్చాం. అది లేకపోతే ఆబ్సలీట్ స్టాక్ మీదేనని వాళ్లు మళ్లీ అదే జవాబు పంపేవాళ్లు.